గనుల సామాజిక బాధ్యతా ప్రమాణాలు: ఎవరికి ఏది తగినది?

ఒక గనుల సంస్థ తాను అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారమే పనిచేస్తున్నానని ప్రకటించినప్పుడు, ఆ మాట వెనుక అరడజనుకు పైగా ఏర్పాట్లలో ఏదైనా ఉండవచ్చు. అది లండన్ కేంద్రంగా ఉన్న పెద్ద కంపెనీల మండలి ఐసీఎంఎంలో సభ్యత్వం కావచ్చు, కంపెనీలతోపాటు కార్మిక సంఘాలకూ స్థానిక ప్రజలకూ చోటున్న ఇర్మా వేదిక చేయించిన ఆడిట్ కావచ్చు, కెనడా గనుల సంఘం రూపొందించిన టీఎస్ఎం శ్రేణి కావచ్చు, లేదా అప్పు ఇచ్చిన ప్రపంచ బ్యాంకు బృందపు సంస్థ, అంతర్జాతీయ ఫైనాన్స్ కార్పొరేషన్ (ఐఎఫ్‌సీ), పెట్టిన షరతులు కావచ్చు. వీటి సూత్రాలను పక్కపక్కన పెట్టి చదివితే పెద్ద తేడా కనిపించదు. మానవ హక్కులు, నీరు, భద్రత, ఆదివాసుల సంప్రదింపులు అన్నింటిలోనూ ఉంటాయి, భాష కూడా దాదాపు ఒకటే. అందువల్ల ఎంపిక చేయవలసినవారు సూత్రాల పాఠం మీద ఎక్కువ సమయం వెచ్చించనక్కర లేదని నా అభిప్రాయం. నియమాలను ఎవరు రాశారు, తనిఖీలో తేలినదాన్ని ఎంతవరకు బయటపెడతారు, గని తప్పు చేసినప్పుడు బాధితుడు ఎవరి దగ్గరకు వెళ్లగలడు అన్న మూడు ప్రశ్నలు వేస్తే ఈ ప్రమాణాలు ఒకదానికొకటి చాలా దూరం జరుగుతాయి.

మొదట ఒక గందరగోళాన్ని తొలగించుకోవాలి. మన దేశంలో సీఎస్ఆర్ అనగానే 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ గుర్తుకొస్తుంది. నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లు అన్న మూడు హద్దులలో ఏదో ఒకదాన్ని చేరిన కంపెనీ, గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక కార్యక్రమాలకు ఖర్చు చేయాలి. బడి గదులు, మంచినీటి ప్లాంట్లు, వైద్య శిబిరాలు ఈ లెక్కలోకి వస్తాయి. మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పనులను మాత్రం ఇందులో చూపించడానికి నిబంధనలు ఒప్పుకోవు. పేలుళ్ల ధూళిని ఎలా అదుపుచేశారు, వ్యర్థ బురదను ఎక్కడ నిలవచేశారు, ఊరిని ఖాళీ చేయించేటప్పుడు ఎవరిని అడిగారు అన్నవి ఆ 2 శాతంలో ఎక్కడా కనిపించవు. ఇక్కడ పోలుస్తున్న ప్రమాణాలన్నీ ఆ వదిలిపెట్టిన భాగానికి సంబంధించినవే. వైద్య శిబిరాల ఫొటోలతో నిండిన వార్షిక నివేదికను చూసి ఒక గని బాధ్యతగా నడుస్తోందని తేల్చడం అందుకే కుదరదు.

ఐసీఎంఎం 2001లో ఏర్పడింది. 2003లో 10 సూత్రాలను ప్రకటించి, 2020 నుంచి వాటికి గని స్థాయి ఆచరణ ప్రమాణాలనూ బయటి సంస్థ చేత ధ్రువీకరణనూ జోడించింది. దీని బలం సభ్యుల పరిమాణంలో ఉంది. బీహెచ్‌పీ, రియో టింటో, వాలే, గ్లెన్‌కోర్, న్యూమాంట్ వంటి సంస్థలు ఒక నియమాన్ని ఒప్పుకుంటే అది అనేక ఖండాలలోని గనులకు ఒకేసారి చేరుతుంది. బలహీనత కూడా అక్కడే ఉంది, ఎందుకంటే నియమాన్ని రాసేవారూ పాటించవలసినవారూ ఒక్కరే. 2020 మే 24న పశ్చిమ ఆస్ట్రేలియాలోని జూకన్ గార్జ్‌లో, 46,000 ఏళ్ల కిందటి మానవ నివాసపు ఆనవాళ్లున్న రాతి గుహలను ఇనుప ఖనిజం కోసం పేల్చివేసిన రియో టింటో అప్పటికి ఈ మండలిలో సభ్యురాలే. అక్కడి పుటు కుంటి కుర్రమ, పినికుర ప్రజలకు అవి పవిత్ర స్థలాలు. పేలుడుకు ఆ రాష్ట్రపు 1972 నాటి వారసత్వ చట్టం కింద 2013లోనే అనుమతి తీసుకున్నారు కనుక చట్టపరంగా కంపెనీ తప్పు చేసినట్లు కాలేదు. చివరకు ముఖ్య కార్యనిర్వహణాధికారి, మరో ఇద్దరు ఉన్నతాధికారులు పదవులు వదులుకోవలసి వచ్చింది. అయితే ఆ పరిణామానికి కారణం మండలి నియమావళి కాదు, పెట్టుబడిదారుల నుంచీ ప్రజల నుంచీ వచ్చిన ఒత్తిడి. సభ్యత్వం అనేది కంపెనీ ఉద్దేశాన్ని తెలిపే సమాచారం. ఒక నిర్దిష్టమైన గని గురించి అది ఇచ్చే హామీ పరిమితమైనదే.

బ్రెజిల్‌లోని బ్రుమాదిన్యో దుర్ఘటన ఇంకొక పాఠం చెబుతుంది, అది ఆడిటర్లకు సంబంధించినది. 2019 జనవరి 25న వాలే కంపెనీ ఇనుప గని వ్యర్థాల కట్ట, అంటే టెయిలింగ్ డ్యామ్, తెగి 270 మంది చనిపోయారు. కట్టకు దిగువనే కంపెనీ కార్యాలయమూ ఉద్యోగుల భోజనశాలా ఉండడం వల్ల మృతులలో చాలామంది సిబ్బందే. ఆ కట్ట స్థిరంగా ఉందని జర్మనీకి చెందిన ట్యూవ్ జ్యూడ్ సంస్థ అంతకు కొద్ది నెలల ముందే, 2018లో, ధ్రువీకరించింది. ఆ పనికి డబ్బు చెల్లించింది వాలే. తనిఖీ చేసేవాడికి తనిఖీకి లోబడేవాడే జీతమిచ్చే ఈ పద్ధతి కింద చెప్పబోయే దాదాపు అన్ని ప్రమాణాలలోనూ కొనసాగుతోంది. కనుక ‘స్వతంత్ర ఆడిట్’ అన్న మాట చూసి ఆగిపోకుండా, ఆ ఆడిట్ నివేదిక పూర్తిగా బయటకు వస్తుందా, దాన్ని మరొకరు తప్పుపట్టే అవకాశం ఉందా అని చూడాలి.

ఆ దుర్ఘటన తర్వాత ఐసీఎంఎం, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం, బాధ్యతాయుత పెట్టుబడి సూత్రాల సంస్థ కలిసి 2020 ఆగస్టులో టెయిలింగ్స్ నిర్వహణకు ప్రపంచ ప్రమాణాన్ని వెలువరించాయి. దీన్ని జీఐఎస్‌టీఎం అంటారు. 15 సూత్రాలు, 77 నిబంధనలు ఉన్న ఈ ప్రమాణం మిగతావాటికి ప్రత్యామ్నాయం కాదు, ఒకే ఒక విషయానికి సంబంధించినది. అయినప్పటికీ దీన్ని నేను ఉపయోగకరమైనవాటిలో ముందు వరుసలో పెడతాను. కట్ట తెగితే ఎంత నష్టం జరుగుతుందో ముందే వర్గీకరించాలనీ, దానికి జవాబుదారీగా ఒక ఉన్నతాధికారిని నియమించాలనీ, ఆ వివరాలను బయటపెట్టాలనీ ఇది స్పష్టంగా అడుగుతుంది. ఐసీఎంఎం సభ్యులు అత్యంత ప్రమాదకర వర్గాలకు చెందిన కట్టల విషయంలో 2023 ఆగస్టు నాటికి, మిగిలినవాటి విషయంలో 2025 ఆగస్టు నాటికి దీన్ని పాటించవలసి ఉండింది. గడువూ, కొలవదగిన నిబంధనా రెండూ ఉన్నచోట మాట దాటవేయడం కష్టమవుతుంది.

ఇర్మా సంగతికి వస్తే, ఇది ఆనంద్‌లోని గ్రామీణ నిర్వహణ విద్యాసంస్థ కాదు. 2006లో మొదలై, సుదీర్ఘమైన చర్చల తర్వాత 2018లో తన ప్రమాణాన్ని ప్రకటించిన బాధ్యతాయుత గనుల వేదిక. దీని పాలకమండలిలో గనుల కంపెనీలు, ఖనిజాలు కొనే కంపెనీలు, పెట్టుబడి సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు, కార్మిక సంఘాలు, గనుల వల్ల ప్రభావితమైన ప్రజలు అనే ఆరు పక్షాలకు సమాన స్థానం ఉంది. ఏ ఒక్క పక్షపు ప్రతినిధులిద్దరూ వద్దన్నా ఆ తీర్మానం నెగ్గదు. అంటే గని పక్కన బతికేవారికి నియమాల రచనలోనే కాదనే హక్కు ఉంది. ఇతర ప్రమాణాలలో సలహామండళ్లు ఉన్నాయి, సంప్రదింపులు ఉన్నాయి, కానీ ఈ హక్కు ఈ స్థాయిలో నాకు మరెక్కడా కనబడలేదు. ఆడిట్ జరగబోతోందన్న సంగతిని ముందుగా ప్రకటించి స్థానికుల అభిప్రాయాలు తీసుకుంటారు. ఫలితాన్ని పాస్, ఫెయిల్ అని చెప్పకుండా ఇర్మా 50, ఇర్మా 75, ఇర్మా 100 అనే మెట్లుగా ప్రకటిస్తారు. ఒక్కో నిబంధనకు గని ఎంతవరకు సరిపోయిందో నివేదికలో విడివిడిగా కనిపిస్తుంది. జింబాబ్వేలోని ఉంకి ప్లాటినం గని 2021లో ఇర్మా 75 స్థాయిని పొందింది. చిలీలోని అటకామా ఉప్పు మైదానంలో లిథియం తీసే రెండు కంపెనీలు 2023లో ఒకటి 50, ఇంకొకటి 75 స్థాయిలో నిలిచాయి. ఒకే ప్రాంతంలోని ఇద్దరు ఉత్పత్తిదారుల మధ్య తేడాను ఇంత నేరుగా చూపడం కొనుగోలుదారుడికి నిజంగా పనికొస్తుంది.

దీనికీ పరిమితులు ఉన్నాయి. స్కోరు గనికి వస్తుంది, కంపెనీకి రాదు. ఒక గని తెచ్చుకున్న 75ను కంపెనీ తన మొత్తం వ్యాపారానికి ప్రచారంగా వాడుకుంటే దాన్ని ప్రశ్నించాలి. పైగా 75 అంటే నాలుగో వంతు వరకు నిబంధనలు ఇంకా నెరవేరలేదనే అర్థం కనుక, తక్కువ మార్కులు వచ్చిన అధ్యాయాలేవో చూడకుండా ఆ అంకెను నమ్మకూడదు. నీటి అధ్యాయంలో వెనుకబడిన గని, పర్యావరణానికే చెందిన మరో అధ్యాయంలో మార్కులు సంపాదించుకోగలదు. ఆడిట్‌కు సిద్ధపడడానికి పట్టే శ్రమ వల్ల చిన్న కంపెనీలు వెనుకాడతాయి. ఆడిట్ రుసుము ఇక్కడ కూడా గనే చెల్లిస్తుంది.

టీఎస్ఎం కెనడా గనుల సంఘం 2004లో తెచ్చినది. సభ్యులు కెనడాలోని తమ గనులన్నింటికీ దీన్ని తప్పనిసరిగా పాటించాలి. టెయిలింగ్స్, నీరు, జీవవైవిధ్యం, ఆదివాసులతోనూ స్థానికులతోనూ సంబంధాలు, భద్రత వంటి ఒక్కో అంశంలో గనికి సీ నుంచి ట్రిపుల్ ఏ వరకు శ్రేణి వస్తుంది. ప్రతి ఏటా కంపెనీ తన పేపరు తానే దిద్దుకుంటుంది, మూడేళ్లకొకసారి బయటివారు వచ్చి ఆ మార్కులను సరిచూస్తారు. ఫలితాలను గనివారీగా ప్రచురిస్తారు. ఫిన్లాండ్, అర్జెంటీనా, బోట్స్వానా, ఫిలిప్పీన్స్, బ్రెజిల్, ఆస్ట్రేలియా గనుల సంఘాలు కూడా దీన్ని స్వీకరించాయి. నిర్వహణ వ్యవస్థలను మెట్టుమెట్టుగా మెరుగుపరచుకోవాలనుకునే కంపెనీకి ఇది అనువైన సాధనం అనడంలో సందేహం లేదు. అయితే కొలిచేది ఎక్కువగా వ్యవస్థ ఉందా లేదా అన్నదాన్నే. విధానపత్రం, శిక్షణ, సమీక్ష సక్రమంగా ఉంటే మంచి శ్రేణి వస్తుంది, వాగులో నీరు బాగుపడిందా అన్నది వేరే ప్రశ్నగానే మిగిలిపోతుంది. ఇంకొక చిక్కు ఏమిటంటే, కెనడా కంపెనీలు లాటిన్ అమెరికాలోనూ ఆఫ్రికాలోనూ నడిపే గనులకు ఈ తప్పనిసరి నియమం వర్తించదు, వివాదాలు ఎక్కువగా పుట్టేది మాత్రం అక్కడే.

ఐఎఫ్‌సీ ఆచరణ ప్రమాణాలు వేరే జాతికి చెందినవి. ఇవి అప్పు పత్రంలో భాగమయ్యే షరతులు. 2006లో వచ్చి 2012లో సవరణ పొందిన ఈ 8 ప్రమాణాలలో ఏడవది ఆదివాసులకు సంబంధించినది. నిర్దిష్ట పరిస్థితులలో వారి నుంచి స్వేచ్ఛగా, ముందుగా, అన్నీ తెలిసి ఇచ్చే సమ్మతిని పొందాలని అది అడుగుతుంది. 2003లో మొదలైన ఈక్వేటర్ సూత్రాలను స్వీకరించిన వాణిజ్య బ్యాంకులు కూడా వీటినే ఆధారం చేసుకున్నందున వీటి పరిధి ఐఎఫ్‌సీ అప్పులను దాటిపోయింది. వీటికి నేను ఇచ్చే విలువంతా మూడవ ప్రశ్న, అంటే బాధితుడు ఎవరి దగ్గరకు వెళ్లగలడన్నదాని వల్ల వచ్చినది. బాధితులు నేరుగా ఫిర్యాదు చేసుకోవడానికి 1999 నుంచి సీఏఓ అనే జవాబుదారీ కార్యాలయం ఉంది. పెరూలో అప్పట్లో ఐఎఫ్‌సీకి వాటా ఉన్న యనకోచా బంగారు గని నుంచి వెళ్తున్న లారీలోని పాదరసం 2000 జూన్‌లో చోరోపంపా పరిసరాలలో రోడ్డు పొడవునా ఒలికిపోగా, ప్రమాదమేమిటో తెలియని గ్రామస్థులు దాన్ని చేతులతో ఏరుకున్నారు. అప్పటికి కొత్తదైన ఆ కార్యాలయం స్వతంత్ర విచారణ జరిపించింది. మంగోలియాలో ఓయూ తోల్‌గోయ్ రాగి గని వల్ల మేత భూములూ ఉండాయ్ నది ప్రవాహమూ దెబ్బతిన్నాయని దక్షిణ గోబీ పశుపాలకులు 2012, 2013 సంవత్సరాలలో ఇక్కడే ఫిర్యాదు చేశారు. కంపెనీ, స్థానిక ప్రభుత్వం, పశుపాలకులు కలిసి సంతకాలు చేసిన ఒప్పందాలు 2017లో కుదిరాయి. నాలుగైదేళ్లు పట్టడం చిన్న ఆలస్యం కాదు, అయినా ఎడారిలోని పశుపాలకుడు ఒక బహుళజాతి కంపెనీతో ఒకే బల్ల ముందు కూర్చోగలిగిన మార్గం మరే ప్రమాణం ద్వారానూ అతనికి అంత తేలికగా దొరికేది కాదు. అప్పు తీరిపోతే, లేదా ఐఎఫ్‌సీ వాటా అమ్ముకుని తప్పుకుంటే, ఈ పట్టు సడలిపోతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

రాగికి కాపర్ మార్క్, బంగారానికి ప్రపంచ స్వర్ణ మండలి 2019లో తెచ్చిన సూత్రాలు, అల్యూమినియానికి ఏఎస్ఐ, చిన్న తరహా బంగారు గనులకు ఫెయిర్‌మైన్డ్ వంటివి ఆయా లోహాలకు పరిమితం. ఐసీఎంఎం, కెనడా సంఘం, కాపర్ మార్క్, స్వర్ణ మండలి తమ ప్రమాణాలను ఒకే ప్రమాణంగా కలపడానికి పూనుకుని 2024 అక్టోబరులో ముసాయిదా విడుదల చేశాయి. ఒకే గనికి నాలుగు ఆడిట్ల భారం తగ్గుతుంది కనుక కంపెనీలు దీన్ని స్వాగతించడం సహజం. చదివేవారు మాత్రం నిబంధనల కంటే ముందు పాలకమండలి అధ్యాయాన్ని చదవాలి, ఎందుకంటే పరిశ్రమ సంఘాలు మొదలుపెట్టిన ఏర్పాటులో బయటివారికి ఎన్ని ఓట్లు దక్కుతాయన్నదే దాని భవిష్యత్తును నిర్ణయిస్తుంది. ఇక కంపెనీల నివేదికలకు నమూనాలు రూపొందించే జీఆర్ఐ సంస్థ 2024లో ప్రకటించిన గనుల రంగ ప్రమాణమూ, లిస్టెడ్ కంపెనీల బాధ్యత గురించి మన సెబీ అడిగే బీఆర్ఎస్ఆర్ నివేదికా వెల్లడికి సంబంధించినవే, ప్రవర్తనకు కావు. ప్రభుత్వానికి చేరే గనుల రాబడిని బయటపెట్టే అంతర్జాతీయ ఏర్పాటు ఈఐటీఐలో భారతదేశం చేరలేదు.

ఇంతకీ ఎవరు ఏది ఎంచుకోవాలి? విద్యుత్ వాహనాల తయారీదారులకు లిథియం, నికెల్, ప్లాటినం వంటివి అమ్మదలచిన గని ఇర్మా వైపు వెళ్లడం మంచిది. బీఎండబ్ల్యూ, ఫోర్డ్, మెర్సిడెస్ వంటి కొనుగోలుదారులు ఆ వేదికలో సభ్యులుగా ఉన్నారు. తొలి ఏడాదే పూర్తి ఆడిట్‌కు దిగకుండా స్వీయ మదింపుతో మొదలుపెట్టే వెసులుబాటు కూడా ఉంది. వ్యవస్థలు ఇంకా కుదురుకోని మధ్యతరహా కంపెనీ టీఎస్ఎం శ్రేణులను అంతర్గత సాధనంగా వాడుకుని, తర్వాత కఠినమైనదానికి వెళ్లవచ్చు. పెట్టుబడిదారుడికి నా సలహా భిన్నంగా ఉంటుంది. కంపెనీ ఏ మండలిలో సభ్యురాలన్నది పక్కనపెట్టి, టెయిలింగ్ కట్టల వివరాలను జీఐఎస్‌టీఎం ప్రకారం కట్టవారీగా ప్రచురించిందా లేదా చూడండి. ప్రచురించని కంపెనీ మిగతా హామీలు ఎంత అందంగా ఉన్నా నేను వాటికి తక్కువ విలువ ఇస్తాను. ప్రభావిత గ్రామాల తరఫున పనిచేసేవారు అన్నింటికంటే ముందు ఆ గనికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోవాలి. ఆ జాబితాలో ఐఎఫ్‌సీ ఉంటే సీఏఓ తలుపు తెరిచి ఉన్నట్లే. మాతృసంస్థ ఓఈసీడీ (ప్రధానంగా సంపన్న దేశాల కూటమి) దేశానిదైతే, కంపెనీల ప్రవర్తనపై ఫిర్యాదులు తీసుకునే అక్కడి జాతీయ సంప్రదింపు కేంద్రానికి ఫిర్యాదు చేయవచ్చు.

ఆ రెండవ మార్గం ఎంత దూరం తీసుకెళ్తుందో ఒడిశాలోని నియమగిరి కొండల బాక్సైట్ వ్యవహారం చూపింది. అక్కడి ఆదివాసులైన డోంగ్రియా కోండులను సరిగా, సకాలంలో సంప్రదించలేదని బ్రిటన్ సంప్రదింపు కేంద్రం 2009 సెప్టెంబరులో వేదాంతను తప్పుపట్టింది, కానీ శిక్షించే అధికారం దానికి లేదు. అదే కంపెనీ నుంచి నార్వే ప్రభుత్వ పింఛను నిధి 2007లోనే పెట్టుబడి ఉపసంహరించుకుంది. బాక్సైట్ తవ్వకాన్ని చివరకు ఆపినవి 2013 ఏప్రిల్‌లో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పూ, దాని ప్రకారం జరిగిన 12 గ్రామసభల ఏకగ్రీవ తిరస్కారమూ. స్వచ్ఛంద ప్రమాణం ఎంత మంచిదైనా చట్టం ఇచ్చిన హక్కుకు తోడుగా నిలవగలదే గాని దాని స్థానంలోకి రాలేదు.

తెలుగు రాష్ట్రాలలో ఈ మాట ఇంకా గట్టిగా చెప్పవచ్చు. అనంతగిరి మండలంలోని బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద వచ్చిన 1997 నాటి సమతా తీర్పు, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు లీజు చెల్లదని చెప్పింది. తవ్వకానికి అవకాశమున్న చోట నికర లాభంలో కనీసం 20 శాతాన్ని ఆ ప్రాంత గిరిజనుల అవసరాలకు శాశ్వత నిధిగా ఉంచాలని కూడా అన్నది. పైన చెప్పిన అంతర్జాతీయ ప్రమాణాలలో ఏదీ ఇంత నిర్దిష్టమైన వాటాను అడగదు. కనుక ఏజెన్సీలో ప్రతిపాదన వచ్చినప్పుడు కంపెనీ చూపే సర్టిఫికెట్ కంటే ముందు పరిశీలించవలసింది లీజు చెల్లుబాటునూ గ్రామసభ తీర్మానాన్నీ. చీమకుర్తి, కరీంనగర్ గ్రానైట్ ఎగుమతిదారులకు పైన చెప్పిన పెద్ద ప్రమాణాల అవసరం తక్కువ. జర్మనీలో కొన్ని రాష్ట్రాల శ్మశాన నిబంధనలు బాలకార్మికులతో చేయించిన సమాధి రాళ్లను నిషేధించినందున, ఆ మార్కెట్ ఎక్స్‌సర్టిఫిక్స్ వంటి రాతి లేబుళ్లను అడుగుతుంది. కొనేవారు ఏ లేబుల్‌ను అంగీకరిస్తారో ఒప్పందానికి ముందే రాతపూర్వకంగా తెలుసుకుంటే చాలు.

సింగరేణి బొగ్గుకూ తుమ్మలపల్లె యురేనియానికీ ఇర్మా సర్టిఫికెట్ వర్తించదు, 2018 ప్రమాణం ప్రకారం థర్మల్ బొగ్గునూ యురేనియాన్నీ ఆ వేదిక సర్టిఫికెట్ పరిధి నుంచి మినహాయించింది. అయినా ప్రమాణాల పాఠాన్ని ప్రశ్నావళిగా వాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర లేదు. తుమ్మలపల్లె వ్యర్థాల చెరువు పరిసర గ్రామాల రైతులు భూగర్భజలాల గురించి ఫిర్యాదు చేస్తూ వచ్చారు. అటువంటి చోట జీఐఎస్‌టీఎం అడిగే వివరాలనే, అంటే కట్ట ఏ ప్రమాద వర్గంలో ఉంది, తెగితే నీరు ఎక్కడిదాకా వస్తుందన్న అంచనా ఉందా, బయటి నిపుణుల సమీక్ష చివరిసారి ఎప్పుడు జరిగింది, అత్యవసర ప్రణాళికను ఏ ఊళ్లకు తెలిపారు, జవాబుదారీ అధికారి ఎవరు అన్నవాటినే ఒక్కొక్క ప్రశ్నగా విడదీసి, ఆ గనులు ప్రభుత్వ రంగంలోవే కనుక, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు.